మగ్గం మనది, నూలు ఎవరిది? – రెండు ఆట సర్వర్ల పోలిక

ఓపెన్‌టీటీడీలోనూ ఫ్యాక్టోరియోలోనూ రైళ్లున్నాయి, సిగ్నళ్లున్నాయి, అర్ధరాత్రి దాటాక కూడా ‘ఈ ఒక్క లైను కలిపేసి పడుకుంటా’ అనిపించే మాయ ఉంది. మొదటిది ఊళ్ల మధ్య సరుకునూ మనుషులనూ మోసి డబ్బు గడించే ఆట. రెండోది తెలియని గ్రహం మీద కూలిపడి, చేత్తో ఇనుప రాయి తవ్వడంతో మొదలుపెట్టి రాకెట్ దాకా కట్టుకుపోయే ఆట. ఆడేవాళ్లు ఈ రెంటినీ పోల్చి చాలానే మాట్లాడుకున్నారు. సర్వర్ పెట్టేవాడు పోలిస్తే వేరే సంగతులు బయటపడతాయి. ఏ ఆట ఎవర్ని నమ్ముతుంది, దేన్ని తన గుప్పిట్లో ఉంచుకుంటుంది, నిద్రపోయినవాడితో ఎలా వ్యవహరిస్తుంది అన్నవి తెరమీది బొమ్మల్లో కన్నా సెట్టింగుల ఫైల్లోనే తేటగా కనిపిస్తాయి. ఇద్దరు కవుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి మార్కులు వేసే అలవాటు మన విమర్శకు ఎలాగూ ఉంది. దాన్ని కాసేపు సాఫ్ట్‌వేర్ వైపు తిప్పుతున్నాను.

పోలికకు చోటు సూరత్. లింబాయత్, ఉధనా వైపు తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఎక్కువమంది మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. వరంగల్ వెళ్లాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. మగ్గాల ఖాతాల్లో, అంటే షెడ్లలో, పని పన్నెండేసి గంటల పాళీల్లో సాగుతుంది. అలాంటి ఇంట్లో అన్నదమ్ములు, బావమరుదులు కలిసి ఒక ఆట ఆడాలనుకుంటే ఒకే వేళకు అందరూ దొరకరు. ఒకడు రాత్రి పాళికి పోతాడు, ఒకడు ఎస్‌వీఎన్ఐటీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉంటాడు, ఇంకొకడు వరంగల్‌లో. కనుక ఎవరో ఒకరి ఇంట్లో ఎప్పుడూ నడిచే సర్వర్ ఒకటి కావాలి. దానికి దొరికేది సాధారణంగా ఒక పాత డెస్క్‌టాప్, ఇంటి ఫైబర్ కనెక్షన్. రెండు ఆటలనూ ఈ పరిస్థితిలో పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాలికి తగిలే రాళ్లలో సగం అక్కడివే. క్రిస్ సాయర్ రాసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ 1994లో వచ్చింది, మరుసటి ఏడు దాని డీలక్స్ రూపం. దాదాపు అంతా అసెంబ్లీ భాషలో రాశాడాయన. 2004లో లూడ్విగ్ స్ట్రీగియస్ దాన్ని విప్పి, సీ భాషలో మళ్లీ రాసి, ఓపెన్‌టీటీడీగా బయటపెట్టాడు. జీపీఎల్ లైసెన్సు. ప్రోగ్రాం స్వేచ్ఛగా దొరికినా, బొమ్మలూ శబ్దాలూ మాత్రం పాత ఆటవే వాడుకోవాల్సి వచ్చేది. స్వేచ్ఛా బొమ్మల సెట్లు తయారై, 2010లో 1.0 వచ్చాకగానీ ఆ అప్పు తీరలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ప్రోగ్రాం వేరు, బొమ్మల సెట్ వేరు. తెర అన్నదే లేకుండా నడిచే సర్వర్ కూడా మొదట బొమ్మల సెట్ ఎక్కడుందని అడుగుతుంది, లేకపోతే కదలనంటుంది. చూసేవాడు లేని చోట బొమ్మలెందుకని మనకనిపిస్తుంది. చరిత్ర తెలిస్తే కోపం రాదు.

ఫ్యాక్టోరియోకు ఇలాంటి వంశవృక్షం లేదు. దాన్ని తయారుచేసేది ప్రాగ్ నగరంలోని వూబ్ సాఫ్ట్‌వేర్. 2013లో జనం దగ్గర విరాళాలు పోగుచేశారు. 2016లో స్టీమ్ అనే ఆటల దుకాణంలో ముందస్తు అమ్మకం, 2020 ఆగస్టులో 1.0, 2024 అక్టోబరులో 2.0తోపాటు స్పేస్ ఏజ్ అనే విస్తరణ. ధర ఎప్పుడూ తగ్గించరు, పండగ డిస్కౌంట్లు ఉండవు. అది వాళ్ల నియమం. అలాంటి కంపెనీ సర్వర్ ప్రోగ్రాంను మాత్రం ఉచితంగా ఇస్తుంది. లాగిన్ కూడా అడగకుండా దాని సైట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. కానీ అందులోకి వచ్చి ఆడే ప్రతివాడూ ఆట కొనుక్కుని ఉండాలి. వచ్చినవాడు నిజంగా కొన్నవాడేనా అని సర్వర్ కంపెనీ వైపు తిరిగి కనుక్కుంటుంది. సూరత్‌లో జాబ్‌వర్క్ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు: మగ్గం మనది, కరెంటు బిల్లు మనది, నూలు షావుకారుది. ఓపెన్‌టీటీడీలో నూలు కూడా మనదే. ఇక్కడి నుంచి మిగతా తేడాలన్నీ ఈ ఒక్క ముడి చుట్టూ తిరుగుతాయి, అప్పుడప్పుడు ఊహించని వైపుకి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. డెబియన్ లినక్స్ ఉన్న మెషీన్‌లో ఓపెన్‌టీటీడీ ఒక్క ఆజ్ఞతో దిగుతుంది. ఆ సులువు మీద ఆశ పెట్టుకోకూడదు. డెబియన్ గిడ్డంగిలో ఉండేది పాత వెర్షన్, స్టీమ్ నుంచి దించుకున్న తమ్ముడి దగ్గర ఉండేది కొత్తది. ఈ ఆటలో సర్వర్‌కూ ఆటగాడికీ వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి, చివరి అంకె తేడా ఉన్నా తలుపు తెరుచుకోదు. అందుకని ప్రాజెక్టు సైట్ నుంచి లినక్స్ కట్టను నేరుగా దించుకోవడమే మేలు. మైనస్ గుర్తు, దాని పక్కన పెద్ద డి పెట్టి నడిపితే తెర లేని సర్వర్ లేస్తుంది, సెట్టింగుల ఫైళ్లు తనే రాసుకుంటుంది. 2021లో వచ్చిన 12.0 నుంచి ఈ ఫైళ్లు మూడు: మామూలు సెట్టింగులు ఒకదాంట్లో, సొంత వివరాలు రెండోదాంట్లో, పాస్‌వర్డులు మూడోదాంట్లో. ఏదైనా తేడా వచ్చి, తెలిసినవాడికి మొదటి ఫైలు పంపి ‘అన్నా, ఏం తప్పుందో చూడు’ అంటే పాస్‌వర్డు కూడా వెళ్లిపోతుందన్న భయం లేదు. సాఫ్ట్‌వేర్‌లో మర్యాద అంటే ఇలాంటిదే అని నేననుకుంటాను. ఎవరూ పొగడరు, కానీ అందరికీ పనికొస్తుంది.

ఫ్యాక్టోరియో దారి ఇంకొంచెం శుభ్రంగా ఉంటుంది. కట్ట విప్పాలి, నమూనా సెట్టింగుల ఫైలును నకలు తీసుకోవాలి, ముందు ఒక ఆజ్ఞతో పటం తయారు చేయాలి, ఇంకో ఆజ్ఞతో ఆ పటం మీద సర్వర్ లేపాలి. పటం లేకుండా సర్వర్ లేవదు. ఆ నమూనా ఫైలును దగ్గరగా చూడండి. అది జేసన్ పద్ధతిలో రాసిన ఫైలు, జేసన్‌లో వ్యాఖ్యలు రాసే వీల్లేదు. వూబ్ వాళ్లు ఊరుకోలేదు. సెట్టింగు పేరుకు ముందు అండర్‌స్కోరూ ‘కామెంట్’ అన్న మాటా తగిలించి, దాన్నే ఇంకో సెట్టింగులా పెట్టి, అందులో వివరణ రాశారు. ఆటగాళ్ల సంఖ్య సున్నా పెడితే పరిమితి లేనట్టు, సర్వర్ నిండిపోయినా అడ్మిన్ మాత్రం రావచ్చు అన్నట్టు వివరంగా ఉంటుంది. ఓపెన్‌టీటీడీ ఫైల్లో పేర్లూ విలువలే ఉంటాయి, అర్థం వేరేచోట వెతుక్కోవాలి. చదివించే గుణంలో ఫ్యాక్టోరియోదే పైచేయి. ఒక కామా ఎక్కువైతే జేసన్ మొత్తం పడిపోతుందన్నది వేరే బాధ.

ఫ్యాక్టోరియో తొలిరోజు పెట్టే చిక్కు ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. 2.0 సర్వర్ కట్టలో స్పేస్ ఏజ్ భాగాలు కూడా కలిసే వస్తాయి, మనం ఆపకపోతే వాటంతటవే పనిచేస్తుంటాయి. మూల ఆట మాత్రమే కొనుక్కున్నవాడు అలాంటి సర్వర్‌లోకి రాలేడు. పటం తయారు చేయకముందే మోడ్‌ల జాబితా ఫైలు తెరిచి స్పేస్ ఏజ్, క్వాలిటీ, ఎలివేటెడ్ రైల్స్ మూడింటి ఎదురుగా ‘ఫాల్స్’ పెట్టాలి. ఖరీదైన విస్తరణ అందరి దగ్గరా ఉందని అనుకుంటుందా ప్రోగ్రాం? సూరత్‌లో ఒక ఖాతాలో పనిచేసే నలుగురు కుర్రాళ్లలో మూల ఆట కొన్నవాడు ఒకడుంటే గొప్ప. మూడు ‘ఫాల్స్’ రాయడం కష్టమేం కాదు, వాటిని మనం రాయాల్సి రావడమే ఈ ఆట లోకం ఎక్కడుందో చెబుతుంది.

ఇంటి కనెక్షన్ దగ్గరికి వస్తే రెండు ఆటల మధ్య అసలైన దూరం కనిపిస్తుంది. మనదేశంలో చాలా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌కు సొంత ఐపీవీ4 చిరునామా ఉండదు. కంపెనీ ఎందరో చందాదారులను ఒకే చిరునామా వెనక దాచేస్తుంది. రౌటర్‌లోకి వెళ్లి చూస్తే 100.64తోనో, ఆ పక్క అంకెలతోనో మొదలయ్యే చిరునామా కనిపిస్తే మీరూ ఆ గుంపులోనివారే. 2012లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఆ వరుసను ఈ పనికోసమే పక్కన పెట్టారు. ఈ ఏర్పాటులో రౌటర్‌లో పోర్ట్ తెరిచినా లాభం లేదు, తలుపు మన ఇంటికి లేదు, అపార్ట్‌మెంట్ గేటుకుంది. స్థిర చిరునామాకు నెలనెలా అదనంగా కట్టుకోవాలి.

ఫ్యాక్టోరియో యూడీపీ 34197 పోర్ట్ మీద ఎదురుచూస్తుంది. బహిరంగ జాబితాలో పెట్టిన సర్వర్‌కు ఈ గోడ దాటే ప్రయత్నం కొంత అదే చేస్తుంది. కానీ ఫైబర్ కంపెనీ గోడ గట్టిదైతే చేసేదేం లేదు. అప్పుడు ఇలాంటి గోడలు దాటగల ప్రైవేటు నెట్‌వర్క్ ఒకటి వేసి అందరి మెషీన్లనూ అందులో కలపాలి, లేదా ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఒక అద్దె మెషీన్ తీసుకోవాలి. అమెజాన్ ముంబై కేంద్రం 2016 నుంచి, హైదరాబాద్‌ది 2022 నుంచి ఉన్నాయి. సూరత్‌కూ వరంగల్‌కూ మధ్య ఆడేవాళ్లకు రెండూ దగ్గరే. మంచి పరిష్కారం, కాకపోతే ఇంట్లో సర్వర్ పెట్టుకోవాలన్న మొదటి ఆశ అక్కడితో సరి.

ఓపెన్‌టీటీడీ ఈ రోగానికి 12.0లోనే మందు కనిపెట్టింది. సర్వర్‌ను ‘ఆహ్వానం ఉన్నవారికే’ అన్న రకంగా పెడితే ప్రాజెక్టు వాళ్ల సమన్వయ సర్వర్ ప్లస్ గుర్తుతో మొదలయ్యే ఒక చిన్న కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ వాట్సాప్‌లో పంపితే చాలు. ఆటగాడు దాన్ని రాయగానే ముందు నేరుగా కలపడానికి చూస్తుంది, కుదరకపోతే రెండు వైపుల గోడల్లో సందు వెతుకుతుంది, అదీ కుదరకపోతే, మనం ఒప్పుకుంటే, తన రిలే మీదుగా మోస్తుంది. సర్వర్ ఆపి మళ్లీ లేపినా కోడ్ మారదు. పైసా తీసుకోని స్వచ్ఛంద ప్రాజెక్టు ఇది చేసింది. ఆట అమ్ముకునే కంపెనీ దీనికి దగ్గర్లోకి వచ్చి ఆగిపోయింది. మగ్గమూ నూలూ రెండూ మనవే అని ఇందాక అన్నాను. ఇక్కడ మాత్రం ఓపెన్‌టీటీడీ కూడా మధ్యలో ఒక మూడోవాడి ఇంటి మీద ఆధారపడుతోంది, అది గమనించాలి. ఇష్టం లేనివాడు పోర్ట్ 3979 తెరిచి, మధ్యవర్తి లేకుండా నడుపుకోవచ్చు. ఫ్యాక్టోరియోలో కూడా ఇంటి లోపలి నెట్‌వర్క్‌లోనే ఆడేటప్పుడు ఆటగాళ్ల తనిఖీని ‘ఫాల్స్’ చేస్తే కంపెనీ వైపు చూడకుండా నడుస్తుంది. ఇంటర్నెట్ పోయిన రోజున ఆ ఒక్క మాట గుర్తుంటే ఆట ఆగదు.

నిద్రపోయినవాడి సంగతి ఈ పోలికలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఫ్యాక్టోరియో నమూనా ఫైల్లో ‘ఎవరూ లేనప్పుడు ఆపు’ అన్నది ముందే ‘ట్రూ’. ఆఖరివాడు బయటికి వెళ్లగానే ప్రపంచం ఉన్నచోటే గడ్డకడుతుంది. ఓపెన్‌టీటీడీలో అలాంటి సెట్టింగు ఉంది, కనీసం ఎంతమంది ఉంటే ఆట నడవాలి అన్నది, కానీ దాని తొలి విలువ సున్నా. అంటే ఎవరూ లేకపోయినా రైళ్లు నడుస్తూనే ఉంటాయి. ఈ ఆటలో ఒక ఏడాదికి మన గడియారంలో పన్నెండు నిమిషాలు. లెక్క వేయండి. 1950లో ఆట మొదలవుతుంది. సాయంత్రం కంపెనీ పెట్టి, ఉధనా అని ఒక స్టేషనుకూ జల్‌గావ్ అని ఇంకోదానికీ పేర్లు పెట్టి, నాలుగు బొగ్గు రైళ్లు వేసి రాత్రి పాళికి వెళ్లినవాడు పన్నెండు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి 2010 నడుస్తుంటుంది. రైలింజన్ల ఆయుష్షు పదిహేను ఇరవై ఏళ్లు. ఆటోమేటిక్‌గా కొత్తవి కొనే ఏర్పాటు చేసుకోనివాడి బండ్లన్నీ పట్టాల మీద మొరాయిస్తుంటాయి.

‘అన్నా, నా బండ్లన్నీ ముసలివైనయి గదా, రాత్రంతా ఎవడు నడిపిండు?’ అని తమ్ముడు అడుగుతాడు. ‘ఎవడు నడపలేదు తమ్మీ, అవే నడిచినై’ అనడం తప్ప అన్న దగ్గర జవాబుండదు.

ఆ సున్నాను ఒకటి చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. సగమే సరిపోతుంది. హాస్టల్లో ఉన్నవాడు ఒక్కడే రాత్రంతా ఆడినా కాలం అందరికీ గడుస్తుంది. ఇక్కడ కంపెనీలు వేరువేరు, పదిహేను దాకా ఉండొచ్చు, పోటీ ఉంటుంది. మెలకువగా ఉన్నవాడికి లాభం, పాళికి పోయినవాడికి నష్టం. 2024లో వచ్చిన 14.0లో దీనికి ఒక విరుగుడు దొరికింది. ఆట కాలాన్ని మన గడియారం నిమిషాల్లో లెక్కించేలా పెట్టుకుని, క్యాలెండర్ ఏడాదికి ఎన్ని నిమిషాలో మనమే చెప్పొచ్చు. సున్నా పెడితే క్యాలెండర్ ఆగిపోతుంది. ఆదాయం, ఖర్చు నడుస్తూనే ఉంటాయి, సంవత్సరం మాత్రం కదలదు. పాళీల్లో పనిచేసేవాళ్ల సర్వర్‌కు ఇదే సరైన అమరిక అని నా అభిప్రాయం.

ఫ్యాక్టోరియోలో ఈ గొడవ పుట్టనే పుట్టదు. మామూలు ఆటలో అందరిదీ ఒకే పక్షం, ఒకే ఫ్యాక్టరీ. తమ్ముడు రాత్రి రాగి పలకల లైను వేస్తే పగలు అన్నకు పనికొస్తుంది. పొద్దున వచ్చి చూస్తే తను వేసిన బెల్టు పీకేసి ఇంకో దిక్కుకు తిప్పి ఉండొచ్చు, దాని మీద కొట్లాట రావచ్చు. అది ఉమ్మడి కుటుంబాల్లో వచ్చే కొట్లాటే, ఎవరికీ నష్టమైతే రాదు. నూలు తన దగ్గర పెట్టుకున్న కంపెనీ ఆటే పాళి మనిషికి అనుకూలంగా ఉంది. అంతా మన చేతికిచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మనం వెళ్లి సరిచేసేదాకా నిద్రపోయినవాణ్ని కరుణించదు. స్వేచ్ఛనూ దయనూ ఒకే లెక్కలో వేసుకునే మన అలవాటుకు ఈ రెండు ఫైళ్లూ కుదరవు.

రెండు ఆటలూ ఒకే సూత్రం మీద నడుస్తాయి. ప్రతి ఆటగాడి మెషీన్ మొత్తం ప్రపంచాన్ని తనే లెక్కకట్టుకుంటుంది. నెట్‌వర్క్ మీదుగా వెళ్లేవి ‘ఇక్కడ పట్టా వేశాడు’, ‘అక్కడ స్విచ్ నొక్కాడు’ లాంటి ఆజ్ఞలు మాత్రమే. అందుకే నెట్ ఖర్చు తక్కువ. ఏ మెషీన్ లెక్క ఒక్క అంకె తప్పినా ‘డీసింక్’ అంటుంది, ఆ ఆటగాడు బయటికి. కొత్తగా వచ్చేవాడు మొదట పటం మొత్తాన్ని దించుకోవాలి, ఆ బరువు మన అప్‌లోడ్ మీద పడుతుంది. ఫ్యాక్టరీ పెరిగేకొద్దీ ఫ్యాక్టోరియో పటం బరువెక్కుతుంది, సెకనుకు అరవైసార్లు దాన్నంతా తిరగేయడం పాత ల్యాప్‌టాప్‌కు తలకు మించిన పని. ఓపెన్‌టీటీడీ రాస్ప్‌బెర్రీ పై మీద కూడా సుఖంగా నడుస్తుంది. ఫ్యాక్టోరియో అధికారిక లినక్స్ సర్వర్ ఎక్స్86-64 మెషీన్లకే. కానీ ఆడేవాడి చేతికి తగిలే అనుభవంలో ఫ్యాక్టోరియో వేరే స్థాయిలో ఉంటుంది. ఆజ్ఞ సర్వర్‌కు వెళ్లి వచ్చే ఆలస్యాన్ని అది దాచేస్తుంది, నడిస్తే వెంటనే నడిచినట్టుంటుంది. ఓపెన్‌టీటీడీలో పట్టా నొక్కిన క్షణానికీ కనిపించిన క్షణానికీ మధ్య సందు తెలుస్తుంది. రైళ్ల ఆటలో అది పెద్ద లోపం అనిపించదు.

ఇక్కడివాళ్లకు ఒక మాట: మగ్గాల ఖాతా ఆనుకుని ఉన్న ఇంట్లో మెషీన్ పెడితే ఫ్యాను రెక్కల మీద నూలు పీచు మెత్తగా పేరుకుంటుంది. వేడెక్కి సర్వర్ నెమ్మదించడానికి కారణం సెట్టింగుల్లో వెతికేముందు మూత విప్పి చూడండి.

మిగతా సిమ్యులేషన్ ఆటల్ని ఈ వరుసలో నిలబెడితే ఇద్దరూ ఉదారులే అనిపిస్తుంది. ఫార్మింగ్ సిమ్యులేటర్ సర్వర్‌కు ఆడే కాపీ కాకుండా ఇంకో కాపీ కొనాలి. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 సర్వర్ ప్రోగ్రాం ఉచితమే, కానీ ఆట కొన్నవాడు ఆటలోపలి కన్సోల్ నుంచి పటం వివరాల ఫైళ్లను తీసి సర్వర్‌కు ఇస్తేనే అది లేస్తుంది. వీటి గురించి ఇంతకన్నా రాయడానికి మనసొప్పదు.

సర్వర్ సాఫ్ట్‌వేర్‌గా ఫ్యాక్టోరియోదే మెరుగైన పనితనం. ఫైలు చదివిస్తుంది, ఆలస్యం దాస్తుంది, అన్నిటికీ మించి ఆటగాడి నిద్రను గౌరవిస్తుంది. అయినా లింబాయత్‌లో ఒక ఇంటి ముందుగదిలో, సొంత చిరునామా లేని కనెక్షన్ మీద, ఆట కొనని తమ్ముళ్లతో నడపాలంటే ఓపెన్‌టీటీడీనే పెట్టమంటాను, క్యాలెండర్ ఆపేసి.

సేవ్ ఫైళ్ల విషయంలో మాత్రం నాకు తటపటాయింపు లేదు. ఫ్యాక్టోరియో సర్వర్ పది నిమిషాలకోసారి సేవ్ చేసుకుంటుంది, ఐదు పాత కాపీలు ఉంచుకుంటుంది. ఓపెన్‌టీటీడీ పదహారు ఉంచుతుంది. ఎన్ని ఉన్నా అన్నీ ఒకే డిస్క్ మీదే. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది సూరత్‌లో చాలా భాగాన్ని ముంచినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్నవి ఏవీ మిగల్లేదు. కనుక ఒక కాపీ వరంగల్ మెషీన్‌లో ఉండాలి. ఆ కాపీ పదేళ్ల తర్వాత తెరుచుకోవాలన్నది ఇంకో షరతు. ఫ్యాక్టోరియో 2.0 తన ముందటి 1.1 సేవ్‌ను తెరుస్తుంది, మరీ పాతవాటిని మధ్యలోని వెర్షన్ల మీదుగా ఒక్కొక్కటిగా ఎక్కించుకుంటూ రావాలి, ఆ పాత వెర్షన్లు ఇవ్వాల్సింది కంపెనీయే. ఓపెన్‌టీటీడీ అయితే 1995 నాటి డీలక్స్ ఆటలో దాచుకున్న సేవ్‌ను కూడా నేరుగా తెరుస్తుంది, పాత ఇంజన్లతో, పాత అప్పులతో సహా.